జీను కుడి రెక్క

1912 జూలై 19, శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు అమ్మాయమ్మ జీను కుడి రెక్క మీద మొదటి గాటు పెట్టింది. కత్తి దిగవలసిన దానికన్నా లోతుగా దిగింది.

ఆమె కత్తి పక్కన పెట్టి తోలును వెనక్కి తిప్పి చూసింది. గాటు అటువైపుకు రాలేదు. మళ్లీ ఇటు తిప్పి బల్ల మీద పరిచింది. బల్ల అంటే వెనక వసారాలో రెండు పెట్టెల మీద పెట్టిన నల్లరాతి పలక. రేకు కప్పు మీద తుంపర పడుతోంది. ఈ దీవిలో ఎత్తున ఉన్న ఫీనిక్స్‌లో జూలై చలికాలం, నెలంతా అలాగే పడుతుంది. గోడకు అవతల మంచం మీద ఆమె భర్త సూరన్న మూడు గొంగళ్ల కింద వణుకుతున్నాడు. అతని పళ్లు కొట్టుకోవడం ఆమెకు వినిపిస్తోంది. ఆమె గాటు పెట్టడం అతనికి వినిపించి ఉండదు. కత్తికి చప్పుడు లేదు. సుత్తికి ఉంటుంది. సుత్తి ఇంకా మొదలుపెట్టలేదు.

సూరన్న స్టేషనుకు ఎదురుగా, పనివాళ్లు ముస్యే, అంటే అయ్యగారు, అని పిలిచే పియర్ జీన్ల దుకాణంలో తోలు మీద లతలు, ఆకులు చెక్కే పనివాడు. నగిషీ పని ఇంటి దగ్గర చేసి తీసుకెళ్లేవాడు. ఇల్లు కూడా పియర్‌దే. రెండు గదులు, ఒక వసారా. పని ఉన్నన్నాళ్లే ఇల్లు. ఆ మాట ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా సూరన్నకు ముందు ఆ పని చేసిన ముత్తయ్య సంగతి ఎరగనివాళ్లు లేరు. ముత్తయ్య ఒక జీను రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాడు. మూడో రోజున పియర్ ఈ ఇంటికి కొత్త తాళం తెచ్చాడు. ఇప్పుడు ముత్తయ్య కుటుంబం కాంప్ ద మాస్క్ అనే పల్లెలో ఎవరో చుట్టాల పశువుల పాకలో ఉంటోంది.

ఇప్పటి జీను చెరకు తోటల యజమాని కూతురిది. ఆడవాళ్లు రెండు కాళ్లూ ఒక పక్కకే వేసుకుని కూర్చునే రకం. గుర్రం పక్కలకు వేలాడే రెండు రెక్కల మీద ఫెర్న్ ఆకు ఉండాలని తోట నుంచి బొమ్మ వేసిన కాగితం వచ్చింది. ఒక కాడ, కాడకు అటు పంతొమ్మిది రెబ్బలు, ఇటు పంతొమ్మిది రెబ్బలు. శనివారం పన్నెండు గంటలకు రెండు రెక్కలూ దుకాణంలో ఉండాలి. ఆదివారం జీను కడతారు. సోమవారం తోటకు పంపుతారు. సూరన్నకు బుధవారం చలిజ్వరం వచ్చింది. గురువారం తగ్గింది. ఆ ఒక్కరోజులో ఎడమ రెక్క పూర్తి చేశాడు. సాయంత్రం కుడి రెక్క మీద కాగితం పరిచి గీతలు ఒత్తి ఉంచాడు. శుక్రవారం ఎనిమిదింటికి మళ్లీ చలి మొదలైంది.

"ఎడమది ఎలా ఉన్నా గొడవ లేదే," అన్నాడు గురువారం రాత్రి అన్నం తింటూ. "దొరసాని కాళ్లు అటే, పావడా అటే. ఎడమది దాని కింద పోతుంది. జనం చూసేది కుడిది. అందుకే ముందు ఎడమది చేశాను, చెయ్యి తిరగాలని."

ఆ మాట ఇప్పుడు ఆమెకు గాటు పక్కనే కనబడుతోంది. చెయ్యి తిరిగినవాడు మంచం మీద ఉన్నాడు. చెయ్యి తిరగనిది కత్తి పట్టుకుంది.

ఎవరూ ఆమెను చెయ్యమనలేదు. ఎనిమిదిన్నరకు సూరన్న చెప్పింది తడి చెయ్యమని.

"తోలు తడిపి ఉంచు. చలి దిగగానే కూర్చుంటాను."

"మావా, మొన్న ఇది దిగేసరికి మూడయింది. తర్వాత చెమటలు. లేచి నిలబడలేకపోయావు."

"అయితే?"

"ఐదున్నరకి వెలుగు పోద్ది."

"నువ్వు నాకు టైము చెప్పేదానివయ్యావేంటే? తడి చెయ్యమన్నానా, చెయ్యి."

ఆమె తడి చేసింది. అది ఆమె పనే. పెళ్లయి ఏడేళ్లు. ఈ ఏడేళ్లలో తోలు మీద ఆమె చెయ్యని పని చెక్కడం ఒక్కటే. దారానికి మైనం పట్టించేది ఆమె. ఆరెతో బెజ్జాలు పొడిచి రెండు సూదులతో పట్టీలు కుట్టేది ఆమె. ఎండిన తోలుకు నూనె పట్టించేది ఆమె. చెక్కడానికి ముందు స్పాంజితో తడిపేదీ ఆమే. తడి ఎక్కువైతే సుత్తి దెబ్బకు నీళ్లు ఊరి అచ్చు నిలవదు. తక్కువైతే కత్తి ఈడ్చుకుపోతుంది. తడిపాక తోలు తన రంగుకు తిరిగి రావాలి, కాని చెంపకు ఆనిస్తే చల్లగా ఉండాలి. అప్పుడు పిలిచేది అతన్ని. అతను వచ్చి కూర్చుని, తోలును ఒకసారి తట్టి, కత్తి తీసుకునేవాడు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా తడి తప్పిందని తిట్టలేదు. తడి బాగుందనీ అనలేదు. పని ఆమె చెంప దగ్గర మొదలవుతుందని అతనికి తోచలేదు. ఆమెకు కూడా ఆ శుక్రవారం దాకా తోచలేదు.

కాపురానికి వచ్చిన రెండో ఏడు ఆమె ఒకసారి అడిగింది, పట్టీలు కుట్టేది ఎవరో పియర్‌కి తెలుసా అని. సూరన్న చేప ముల్లు తీసుకుంటున్నాడు. ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టి చెప్పాడు.

"నువ్వు కుట్టేది అడుగున ఉంటుంది. పైన కనబడేది నాది. జనం అడుగు చూస్తారా?"

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఆమె ఇంకాస్త చారు పోసింది.

తోలు తన రంగుకు వచ్చింది. ఆమె చెంపకు ఆనించి చూసింది. గదిలోకి తొంగి చూసింది. సూరన్న మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఉన్నాడు. మంచం కోళ్లు నేలకు కొట్టుకుంటున్నాయి. ఆమె గడపలో నిలబడి రెబ్బలు లెక్క వేసింది. ముప్ఫై ఎనిమిది. వంటింట్లో ఉన్నప్పుడు ఆమె రోజూ సుత్తి చప్పుడు వింటుంది. ఒక రెబ్బకు ఎన్ని దెబ్బలు పడతాయో ఆమెకు తెలుసు. మూడు తేలిక దెబ్బలు, ఒక గట్టి దెబ్బ, కత్తి మారేటప్పుడు చిన్న ఖాళీ, మళ్లీ మూడు. రెబ్బకు పది నిమిషాలు. ముప్ఫై ఎనిమిది రెబ్బలకు దగ్గర దగ్గర ఆరున్నర గంటలు. ఇప్పుడు మొదలుపెడితే వెలుగు ఉండగా అవుతుంది. మూడింటికి మొదలుపెడితే కాదు. ఆమెకు ముత్తయ్య భార్య చిన్నమ్మ గుర్తొచ్చింది. సామాను బండికెక్కించేటప్పుడు చిన్నమ్మ పొయ్యిరాళ్లు కూడా ఎక్కించింది. రాళ్లెందుకమ్మా, అక్కడ దొరకవా అని ఎవరో అడిగితే, ఇవి నావి అంది. అమ్మాయమ్మ తన పొయ్యిరాళ్లు చూసింది. అవి ఉన్నది చిన్నమ్మ తన రాళ్లు తీసిన చోటే. అప్పుడు వసారాలోకి వచ్చి కత్తి తీసుకుంది.

అతను కత్తిని పెన్నులా పట్టుకోడు. నిలువుగా పట్టుకుని చూపుడువేలు పిడి నెత్తిన ఆనిస్తాడు. ఆమె అలాగే పట్టుకుంది. కాడ అడుగున మొదలుపెట్టింది. వేలి బరువంతా దాని మీద వేసింది. అలా వెయ్యకూడదని గాటు చూశాక తెలిసింది.

గాటు పూడదు. పట్టీ కుట్టేటప్పుడు కుట్టు తప్పితే దారం లాగి మళ్లీ కుట్టవచ్చు, పాత బెజ్జం మీద గోటితో రుద్దితే కలిసిపోతుంది. ఇది అలా కాదు. ఆమె కాసేపు ఆ గీతనే చూసింది. ఇది ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన తోలు. దీని జోడు తోలుతో ఎడమ రెక్క చేశాడు. ఇంకో ముక్క పియర్ దగ్గర కూడా లేదు. ఇక్కడితో ఆపి సూరన్నకు చూపిస్తే కాడ మీద గాటు ఉంటుంది, రెక్క ఉండదు. ఆపకపోతే ఏమవుతుందో తెలియదు. తెలిసినదానికన్నా తెలియనిది నయమనిపించింది. కాడకు రెండో అంచు కూడా అంతే లోతుగా, మొదటి గీతకు కొంచెం ఎడంగా కోసింది. కాగితంలో ఉన్నదానికన్నా కాడ లావయింది. కాని రెండు అంచులూ ఒక్కటిగా ఉన్నాయి. అప్పుడు తోలును అణచే అచ్చు పనిముట్టు గీత పక్కన ఆనించి సుత్తి వేసింది.

"ఎవరే అది?" అన్నాడు సూరన్న లోపలి నుంచి.

వసారా గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న అతని తల్లి పాపమ్మ జవాబు చెప్పింది. "ఎవులో ఏటి? నీ పెళ్లామే. కత్తట్టుకుంది. నానొద్దన్నాను. ఇంటాదేటి?"

పాపమ్మ వద్దనలేదు. అసలు ఏమీ అనలేదు.

"తీసెయ్యవే! పాడు చేశావంటే పియర్ నన్ను వీధిలో నిలబెడతాడు. విన్నావా? అమ్మాయీ!"

ఆమె ఇంకో మూడు దెబ్బలు వేసింది. తర్వాత అడిగింది. "మావా, రెబ్బ కొసన దెబ్బ తేలిగ్గా వెయ్యాలా, గట్టిగానా?"

పళ్లు కొట్టుకునే చప్పుడు.

"తేలిగ్గా. మొదట్లో గట్టిగా, కొసకొచ్చేసరికి తేలిగ్గా. నీకెందుకే? నువ్వు తీసెయ్యి."

"కోసిన గీతకి ఏ పక్క అణచాలి? బయటా, లోపలా?"

"బయట. బయట అణిస్తే లోపలిది లేస్తుంది. అయ్యో, దీనికి బయటేదో లోపలేదో తెలీదు, కత్తి పట్టింది! అమ్మా, దాని చేతిలోంచి లాక్కోవే."

"నాను తోలు ముట్టుకుంతానేటి?" అంది పాపమ్మ. "నువ్వే లెగిసొచ్చి లాక్కో."

అతను లేవలేదు. పదిన్నరకు చలి పోయి వేడి వచ్చింది. అప్పటికి ఆరు రెబ్బలు అయ్యాయి. మొదటి రెండూ అంచుల దగ్గర నలిగాయి. మూడోది నయం. ఆరోది ఎడమ రెక్క మీది రెబ్బల పక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. ఆమె పెట్టి చూసింది. రెండుసార్లు చూసింది.

"గంజి," అంది పాపమ్మ.

గంజి అంటే స్నానం. అది పాపమ్మ పెట్టిన కట్టు. తోలు వసారా దాటి లోపలికి రాకూడదు. తోలు ముట్టుకున్న మనిషి తల మీద నీళ్లు పోసుకోకుండా వంటింటి గడప తొక్కకూడదు. పాపమ్మ విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చి పద్నాలుగేళ్లు చెరకు కొట్టింది. కొడుకును చెరకు కొట్టే పనిలో కాకుండా తోట కంచరగాడిదల కొట్టంలో, తర్వాత జీన్ల దుకాణంలో పెట్టవలసి వచ్చినప్పుడు ఆమె ఒప్పుకున్నది ఆ కట్టు మీద. ఇంటా వంటా లేని పని చేస్తున్నాం, వంటిల్లయినా మిగలాలి అనేది. సూరన్నకు ఆ కట్టుతో ఇబ్బంది లేదు. అతను వంటింట్లోకి వెళ్లడు. తోలు కుట్టి వంట చేసేది అమ్మాయమ్మ. చలికాలంలో ఒక్కోరోజు మూడుసార్లు స్నానం చేసేది. ఏడేళ్లలో రెండుసార్లు గుండెల్లో చలి పట్టి పడుకుంది. అప్పుడు పాపమ్మ పక్కింటి రంగమ్మతో అంది: "సుకుమారం. నీల్లు పడవు దీనికి."

ఆమె పెరట్లో తుంపరలో రెండు చెంబులు పోసుకుంది. గంజి కాచింది. పట్టుకెళ్లి సూరన్నకు తాగించింది. క్వినైన్ బిళ్ల నోట్లో వేసింది. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె మొహం చూడకుండా ఆమె వేళ్లు చూశాడు.

"ఎన్నయ్యాయి?"

"ఆరు."

"చూపించు."

"తోలు లోపలికి రాకూడదుగా," అంది ఆమె.

తిరిగి కూర్చునేసరికి పదకొండు దాటింది. తోలు ఒక పక్క ఆరింది. మళ్లీ తడిపి, చెంపకు ఆనించి, ఆగి, మొదలుపెట్టింది. పోయిన టైమును రెబ్బలతో లెక్క వేసింది. నాలుగు రెబ్బలు. ఇంకోసారి స్నానానికి లేస్తే ఇంకో నాలుగు. ఆ లెక్క తల్లోకి వచ్చాక పోలేదు. ప్రతి గాటుకూ కప్పు కింద వెలుగు చూసేది. వెలుగు మారలేదు. మబ్బు రోజు పొద్దు ఎంతయిందో తెలియదు. స్టేషనులో రైలు కూతను బట్టి తెలుసుకునేది. పన్నెండు గంటల బండి కూసేసరికి పదకొండు రెబ్బలు.

"ఏటే," అంది పాపమ్మ. "సుక్కురారం పూట మొగుడు జొరంతో పడుంటే గడపకి పసుపెట్టవా? మొగానికి రాసుకోవా? పనేపా? పున్నెం ఎవులికొత్తాది, పియరుకా?"

"అత్తా, ఇదొక్క వరస అయిపోనీ."

"వరస తరవాత. ఆడికేదైనా అయితే నన్నే అంతారు ఊరోళ్లు."

ఆడికేదైనా అయితే అన్న మాటకు ఆమె లేచింది. లేవకుండా కూర్చునే మనిషి ఆమె ఇంకా కాలేదు. స్నానం చేసింది. మొహానికి, కాళ్లకు పసుపు రాసుకుంది. రెండు గడపలకూ పసుపు పూసి బొట్లు పెట్టింది. పప్పు పొయ్యి మీదికి ఎక్కించింది. చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ వసారాలోకి పరుగెత్తింది. తోలు మళ్లీ ఆరుతోంది. స్పాంజి పిండి తుడిచింది. ఎడమ చేత్తో రెక్క కింది కొస నొక్కి పట్టి పన్నెండో రెబ్బ మొదలుపెట్టింది. రెబ్బ అయ్యాక చెయ్యి ఎత్తింది. చెయ్యి ఉన్నచోట బొటనవేలి ముద్ర పసుపుగా పడి ఉంది. గీతలతో సహా.

అది కాడ మొదలుకు కింద, ఆకు లేని చోట. చుట్టూ రెండంగుళాలు ఖాళీ తోలు.

వంటింట్లో పప్పు పొంగిన చప్పుడు వినబడింది. అప్పుడు కూడా లేవలేదు. తడి గుడ్డతో అద్దింది. పోలేదు. తుడిస్తే పాకుతుందని భయపడి ఆపింది. తొట్టి దగ్గర బట్టల సబ్బు ఉంది. వేలి కొనతో కొంచెం నురగ తెచ్చి దాని మీద పెట్టింది. పసుపు ఎరుపయింది.

పసుపుకు సున్నం తగిలితే ఎరుపవుతుందని ఆమెకు తెలియక కాదు. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి అలాగే కలుపుతారు. సబ్బు కూడా ఆ పనే చేస్తుందని ఆ నిమిషంలో తోచలేదు. ఇప్పుడు దొరసాని జీను మీద, జనం చూసే పక్కన, ఎర్రటి బొటనవేలు ఉంది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టి కప్పింది. అలా కప్పి కూర్చుంటే ఎంతసేపైనా కూర్చోవచ్చుననీ, చెయ్యి తీస్తేనే అది ఉంటుందనీ అనిపించింది. మనసులో ఇల్లు ఖాళీ చేయడం మొదలుపెట్టింది. ముందు మంచం, తర్వాత పెట్టెలు, బియ్యపు డబ్బా. ఎవరు ఏం అంటారో కూడా వినబడింది. పెళ్లాం చెయ్యి పెట్టింది, ముత్తయ్యకు రెండు రోజులు పడితే సూరన్నకు ఒక్కరోజే పట్టింది.

"ఏటయింది?" అంది పాపమ్మ. జవాబు రాకపోతే మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది. వసారాలోకి రెండడుగులు వేసి ఆగి, మెడ చాచి చూసింది. "సెయ్యి తియ్యి."

అమ్మాయమ్మ తీసింది.

"సబ్బెట్టీసేవా?"

"ఊ."

"తింగిరిదానా. పసుపుకి సబ్బెడితే పారాణేగదే. నిమ్మకాయ పిండు."

నిమ్మరసం పెడితే ఎరుపు పోయి పసుపు వచ్చింది. పసుపు పోలేదు.

"ఎండ తగిలితే ఎలిసిపోద్ది," అంది పాపమ్మ. ఆకాశం చూసింది. "ఎండెక్కడుంది." ఇంకా కాసేపు అక్కడే నిలబడి రెక్క మీది పన్నెండు రెబ్బలూ ఒక్కొక్కటే చూసింది. "పప్పు నాను దించుతాను. కూడు కూడా నానే ఒండుతాను. నువ్వింక తానానికి లెగకు."

ఆ రోజు అమ్మాయమ్మ ఇంక లేవలేదు. సుత్తి చప్పుడు ఆగకుండా నడిచింది. మూడింటికి సూరన్నకు చెమటలు పట్టాయి, నిద్రపోయాడు. ఐదూ ఇరవైకి ముప్ఫై ఎనిమిదో రెబ్బ అయింది. లేచి నిలబడితే నడుము నిటారు కాలేదు. చూపుడువేలు కొసన చర్మం లేచింది.

శనివారం ఏడింటికి ఎండ వచ్చింది. ఆమె చెక్కిన చోట్లు తడిగుడ్డతో కప్పి, మరక ఒక్కదానికే ఎండ తగిలేలా రెక్కను గోడకు ఆనించి, ఎండ కదిలినప్పుడల్లా దాన్ని కదిపింది. ఎనిమిదీ ఇరవైకి మబ్బు కమ్మింది. మరక వెలిసింది. పోలేదు. ఉందని తెలిసినవాళ్లకు కనబడుతుంది. తెలియనివాళ్లకు కనబడుతుందో లేదో ఆమె చెప్పలేకపోయింది. చూసి చూసి తోలంతా పసుపుగా కనబడటం మొదలైంది.

సూరన్న గోడ పట్టుకుని వసారాలోకి వచ్చాడు. రెక్క తీసుకుని వెలుగులోకి వంచి, బొటనవేలు కాడ పొడుగునా నడిపించాడు. రెబ్బలు ఒక వరస చూశాడు, రెండో వరస చూశాడు.

"కాడ లావయింది."

"గాటు లోతయింది మావా. అందుకని—"

"మొదటి రెండూ నలిగాయి." ఇంకా చూశాడు. తిప్పి వెనక చూశాడు. మళ్లీ ముందు చూశాడు. "పియర్ దగ్గర నోరు విప్పకు. నువ్వు మోసుకురా. మాట నేను మాట్లాడతాను."

మరక అతను చూడలేదు. ఆమె చెప్పలేదు.

దుకాణానికి పది నిమిషాల నడక. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అతను రెండుచోట్ల వంతెన గోడ మీద కూర్చున్నాడు. క్వినైన్‌కి చెవుల్లో హోరు, చేతుల్లో వణుకు. ఆమె రెండు రెక్కలూ గుడ్డలో చుట్టి రొమ్ముకు హత్తుకుని పక్కన నిలబడింది. లోపలికి వెళ్లేసరికి గోడ గడియారంలో పదకొండూ ఇరవై. ఇద్దరు పనివాళ్లు పట్టీలు కుడుతున్నారు. ముస్యే పియర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని రెక్కలు కిటికీ కింద బల్ల మీద పక్కపక్కన పరిచాడు. మాటలు దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లో జరిగాయి. ఆ భాష ముగ్గురికీ వచ్చు.

"ఏది జ్వరంలో చేశావు?" అన్నాడు పియర్.

సూరన్న జవాబు చెప్పకముందే పియర్ కుడి రెక్కను వేలితో తట్టాడు. "ఇదేనా? ఎడమదానికన్నా ఇది బాగుంది. కాడలో బలముంది చూడు. ఎడమదాని కాడ గడ్డిపోచలా ఉంది. నెలకోసారి జ్వరం తెచ్చుకోవయ్యా, నీకు మంచిది."

పనివాళ్లు నవ్వారు. సూరన్న కూడా నవ్వాడు. "మీ దయ, ముస్యే," అన్నాడు.

అమ్మాయమ్మ తలుపు పక్కన నిలబడి ఆ నవ్వు చూసింది. ఏడేళ్లుగా ఆమె వినాలనుకున్నది బాగుందనే ఒక్క మాట. అది భర్త నోటి నుంచి వస్తుందనుకుంది. పియర్ నోటి నుంచి వచ్చింది, భర్త చెవిలో పడింది, అక్కడ ఆగింది. ఆమె దాకా రాలేదు. వస్తే ఏం చేసేదో కూడా ఆమెకు తెలియదు. ఇప్పటికీ ఆమె చూపు మరక మీదే ఉంది. ఇక్కడి నుంచి కనబడుతోందా, కిటికీ వెలుగు దాని మీద పడుతోందా, పియర్ చెయ్యి అక్కడ పెడతాడా. లావు కాడ తప్పని చెప్పిన మనిషి ఇప్పుడు ఆ కాడ మీద వచ్చిన మాట తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ మరక బయటపడకపోతే ఇల్లు నిలుస్తుంది, మాట అతనితో వెళ్లిపోతుంది. బయటపడితే రెండూ పోతాయి. అలా అనుకుంటుండగానే పియర్ కళ్లద్దాలు కిందికి దించాడు.

"ఇదేమిటి?"

సూరన్న వంగి చూశాడు. తల తిప్పి భార్య చేతులు చూశాడు.

"దీనిదే, ముస్యే. తోలు తీసి పెట్టమంటే పసుపు చేత్తో తీసింది. ఆడవాళ్ల సంగతి మీకు తెలుసుగా. పని పాడు చెయ్యడానికే పుట్టారు."

పియర్ ఆమె వైపు చూడలేదు. గోటితో మరక గీరాడు. "రంగు వేస్తే ఇక్కడ వేరేగా పడుతుంది. దొరసాని తల్లి చూసిందంటే ఈ జీను తిరిగొస్తుంది. నీతో సహా." గడియారం చూశాడు. "ఇక్కడొక ఆకు వెయ్యి. చిన్నది, రాలిపడినట్టు. మరక దాని కిందికి పోవాలి. ఇప్పుడే, నా ముందర. పన్నెండుకి నేను పనివాళ్లను పంపేస్తాను."

సూరన్న కత్తి తీసుకుని బల్ల ముందు నిలబడ్డాడు. చూపుడువేలు పిడి మీద ఆనించాడు. కత్తి మొన తోలుకు పైన, గోరంత ఎత్తున ఆడింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆడింది. చుక్క చెమట తోలు పక్కన బల్ల మీద పడింది. పనివాళ్లు కుట్టడం ఆపారు.

అతను తల ఎత్తకుండా తెలుగులో అన్నాడు. "ఏమే, ఇలా రా. నువ్వు వెయ్యి. నేను వెనక నిలబడి నీ చెయ్యి పట్టుకుంటాను. నేను నేర్పుతున్నట్టుంటుంది."

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. కత్తి తీసుకోలేదు.

"ఎవరు చెక్కారో చెప్పు. చెప్పాక వేస్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇల్లు పోతుందే."

"తెలుసు."

"అమ్మను తీసుకుని ఎక్కడికెళ్తాం?"

ఆమె రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"సరే, నువ్వే చెక్కావు," అన్నాడు అతను. "చాలా? వెయ్యి."

"నాకు కాదు మావా. నాకు తెలుసు. ఆయనకి చెప్పు. ఆయనకి తెలిసే మాటలో."

"ఏమంటోంది?" అన్నాడు పియర్.

సూరన్న గడియారం చూశాడు. పనివాళ్లను చూశాడు. కత్తి బల్ల మీద పెట్టాడు.

"మో ఫామ్ కిన్ ఫేర్ సా," అన్నాడు. ఇది చేసింది నా భార్య అని.

"ఆకా? ఆకు ఇంకా ఎవరూ వెయ్యలేదు."

"ఈ రెక్క, ముస్యే. మొత్తం."

పియర్ కుడి రెక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. మొదటి రెండు రెబ్బల మీద వేలు పెట్టి ఆగాడు. తిరిగి వచ్చి బల్ల మీద పరిచాడు. బల్ల కింద పీట ఉంది. దాన్ని కాలితో ఆమె వైపు తోశాడు.

పన్నెండుకు తొమ్మిది నిమిషాలుంది. అమ్మాయమ్మ స్పాంజి నీళ్లలో ముంచి, పిండి, పీట మీద కూర్చుంది.